గుర్రపు ట్రెయిలర్ లాగడానికి పాత బండి కొంటున్నారా? నేను తరచూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

బెంగళూరులో యెలహంక, దేవనహళ్లి వైపు ఉన్న గుర్రపుశాలల నుంచి గుర్రాలను ఊళ్లకు చేరవేయడం నా వృత్తి. పందెపు గుర్రాలు ఎక్కువగా లారీల్లోనే వెళ్తాయి. ఒకటో రెండో గుర్రాలను సొంతంగా పెంచుకునేవాళ్లకు మాత్రం ట్రెయిలరే అనుకూలం. హిందూపురం, అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనవాళ్లు చాలామంది ముందు ట్రెయిలర్ కొనేసి, ఆ తరువాత నా దగ్గరికి వచ్చి "అన్నా, దీన్ని లాగడానికి చవకలో పాత బండి ఏదైనా చెప్పు" అంటారు. అలా వచ్చినవాళ్ల నోట నేను మళ్లీ మళ్లీ వినే మాటలివి.

అపోహ: ఇంజిన్‌లో బలముంటే చాలు.

వాస్తవం: ముందు బరువు లెక్క చూడండి. థరోబ్రెడ్ (పందెపు జాతి) గుర్రం 450 నుంచి 550 కిలోలు తూగుతుంది. మార్వాడీ గుర్రం కాస్త తేలిక. రెండు గుర్రాల ట్రెయిలర్ ఖాళీగానే దాదాపు టన్ను ఉంటుంది. గడ్డి, నీళ్లు, జీనులు కలిపితే మొత్తం రెండు టన్నులు దాటుతుంది. చదునైన రోడ్డు మీద ఆ బరువును చాలా బండ్లు లాగేస్తాయి. కష్టమంతా దాన్ని ఆపడంలోనే ఉంది.

ఈ మాట నాకు మొగిలి ఘాటులో తెలిసివచ్చింది. పలమనేరు నుంచి చిత్తూరు వైపు దిగుతున్నాను. వెనక ఒక్కటే ఆడగుర్రం. ఇంజిన్‌కు వంక పెట్టనక్కరలేదు కానీ ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు లేవు. సగం దిగేసరికి మాడు వాసన మొదలైంది. బ్రేకు మీద కాలు వేస్తే పెడల్ మెత్తగా లోపలికి పోయింది. రెండో గేరులోకి మార్చి, బండిని నెమ్మదిగా ఎడమ అంచుకు తెచ్చి ఆపగలిగాను. చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ. ట్రెయిలర్ పక్క తలుపు తీసి చూస్తే, గుర్రం నాలుగు కాళ్లూ ఎడంగా చాచి, ముందున్న కడ్డీకి రొమ్ము ఆనించి నిలబడి ఉంది. మెడ మీద చెమట నురగ కట్టింది. వెనక తొడలు వణుకుతున్నాయి. బకెట్టు మూతి దగ్గర పెట్టినా చాలాసేపు నీళ్లు ముట్టలేదు. మనం బ్రేకు నొక్కిన ప్రతిసారీ ఆ అదురును అది కాళ్లతో ఆపుకుంటూ వచ్చింది. సిమెంటు బస్తాలను తాళ్లతో కట్టేస్తే కదలవు. గుర్రం మాత్రం దారి పొడవునా తన బరువును తానే మోసుకుంటూ నిలబడాలి.

అందుకే మొదట ట్రెయిలర్ బ్రేకులు చూడండి. ఐరోపా దేశాల్లో 750 కిలోలు దాటిన ట్రెయిలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి. మనం కూడా ఆ హద్దును పాటిద్దాం. కరెంటు బ్రేకులు ఉన్న ట్రెయిలర్ అయితే, కొనే బండిలో వాటి కంట్రోలర్‌కు వైరింగ్ వేయడానికి వీలుందో లేదో అడగండి. తరువాత బండి బరువు. వెనక వచ్చే ట్రెయిలర్ కంటే ముందున్న బండి బరువుగా ఉంటే, లోపల గుర్రం ఒక పక్కకు ఒరిగినప్పుడు బండి తన దారి తప్పదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం ఎక్కువగా ఉంటే ఇంకా నిలకడ.

అపోహ: ఎత్తుగా, భారీగా కనిపించే ఎస్‌యూవీ ఏదైనా సరిపోతుంది.

వాస్తవం: ఎత్తు చూసి మోసపోవద్దు, బండి కిందికి వంగి చూడండి. ముందు నుంచి వెనక దాకా రెండు ఉక్కు దూలాలు, మధ్యలో అడ్డ కమ్మీలు నిచ్చెనలాగా కనిపిస్తే అది లాగడానికి పుట్టిన బండి. ఒకే పేరుతో వచ్చినవన్నీ ఒకటి కావు. పాత సఫారీ స్టార్మ్‌కు ఈ నిచ్చెన ఛాసిస్ ఉంది. 2021లో వచ్చిన సఫారీకి లేదు, పైగా అది ముందు చక్రాలతో నడిచే బండి. ఇన్నోవా క్రిస్టాకు ఉంది, హైక్రాస్‌కు లేదు. ట్రెయిలర్ ముక్కు బరువు బండి వెనక భాగం మీద పడితే ముందు భాగం కాస్త లేస్తుంది. నడిపించే చక్రాలు ముందే ఉంటే, తడిసిన గడ్డి వాలు మీద అవి పట్టు దొరకక అక్కడే తిరుగుతాయి.

రెండు గుర్రాలకు నేను సూచించే పాత బండ్లు మూడే: ఫార్చ్యూనర్ 2.8 డీజిల్, ఎండెవర్ 3.2, ఇసుజు వి-క్రాస్. వి-క్రాస్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది. ఎండెవర్ 3.2 టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, 470 న్యూటన్ మీటర్లు, లాగడంలో దానికి తిరుగులేదు. కానీ ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది కాబట్టి విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో ముందే కనుక్కోండి. బొలెరో అంటే నాకు అభిమానమే, దాని ఛాసిస్ గట్టిది. అయినా దాని బలానికి, బరువుకు రెండు థరోబ్రెడ్‌లు మోయలేని భారం.

అపోహ: ఫోర్ వీల్ డ్రైవ్ లేకపోతే కుదరదు.

వాస్తవం: తారు రోడ్డు మీద దానితో పని పడదు. వానాకాలంలో గుర్రపుశాల ముందు బురదలోంచి బయటపడటానికి మాత్రం నిజంగా ఆదుకుంటుంది. ఉంటే మంచిదే. దాని కోసం బ్రేకుల విషయంలో రాజీ పడకండి.

అపోహ: ట్రెయిలర్‌కు ఆటోమేటిక్ పనికిరాదు.

వాస్తవం: టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ బండి కుదుపు లేకుండా కదులుతుంది. గుర్రానికి అంతకంటే హాయి లేదు. ఆ గేర్‌బాక్స్‌కు శత్రువు వేడి. గేర్‌బాక్స్ నూనెను తెల్లటి గుడ్డ మీద వేసి చూపించమనండి. ఎర్రగా ఉంటే సరే, నల్లబడి మాడు వాసన వస్తే వదిలేయండి. మాన్యువల్ బండి అయితే నాలుగో గేరులో 40 వేగంతో వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కండి. ఇంజిన్ వేగం చూపే మీటరులో ముల్లు పైకి పరుగెత్తి, బండి మాత్రం అలాగే ఉంటే క్లచ్ ప్లేటు జారుతోందని అర్థం. ఒంటరిగా తిరిగినన్నాళ్లూ ఆ క్లచ్ నెట్టుకొస్తుంది, ట్రెయిలర్ తగిలిస్తే ఎక్కువ రోజులు ఉండదు.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి కళ్లు మూసుకుని కొనవచ్చు.

వాస్తవం: చెన్నైలో వేళచ్చేరి దగ్గర ఒక బండి చూడటానికి వెళ్లాం. రంగు మెరిసిపోతోంది, తిరిగింది తక్కువే, ధర కూడా తక్కువే. నాతో వచ్చినాయన బయానా తీయబోయాడు. నేను డ్రైవరు పక్క సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగాను. ఆఖరి జానెడు మేర గోధుమరంగు మట్టి చారిక అడ్డంగా కనిపించింది. నీళ్లు అక్కడిదాకా వచ్చాయన్నమాట. పైన పటారం, లోన లొటారం. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానులో చెన్నైలో ఎన్నో బండ్లు మునిగాయి. 2022లో బెంగళూరు బెళ్లందూరు వైపూ అదే జరిగింది. ట్రెయిలర్ లైట్లకు, బ్రేకులకు కరెంటు ఈ బండి వైర్ల నుంచే వెళ్లాలి. నీళ్లు తాగి పచ్చగా చిలుము పట్టిన కనెక్టర్లను నమ్మి గుర్రాన్ని ఎక్కించలేం. సముద్రం దగ్గర తిరిగిన బండి అయితే ఛాసిస్ దూలాలను చిన్న సుత్తితో తట్టి చూడండి. తుప్పు పొరలుగా రాలితే వెనక్కి వచ్చేయండి.

పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను తిప్పడం మీద ఢిల్లీ ప్రాంతంలో ఆంక్షలు రావడంతో అక్కడి నుంచి చవకగా కొన్ని ఇటు వస్తాయి. ఇక్కడి రోడ్డు పన్ను, కొత్త రిజిస్ట్రేషన్ ఖర్చు కలిపాకే అది చవకో కాదో లెక్క వేయండి.

అపోహ: ట్రెయిలర్ తగిలించే కొక్కెం వెల్డింగ్ షాపులో ఎక్కడైనా వేయించుకోవచ్చు.

వాస్తవం: బంపరుకు అతికిస్తే బంపరే ఊడివస్తుంది. కొక్కెం ఛాసిస్ దూలాలకు బోల్టులతో బిగించాలి. ట్రెయిలర్ మొత్తం బరువులో సుమారు పదో వంతు దాని మీద ఆనుతుంది. అంతకంటే బాగా తక్కువైతే ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఇంకో చిన్న సంగతి, చాలామంది పట్టించుకోనిది: ట్రెయిలర్ మూతి కూర్చునే కొక్కెం గుండు కొలత. 50 మిల్లీమీటర్ల గుండు, రెండంగుళాల గుండు కంటికి ఒకటేలా ఉంటాయి. రెండోది 50.8 మిల్లీమీటర్లు. ఒకదాని మూతి రెండోదానికి సరిగ్గా కూర్చోదు. కొలిచి, ఒకే కొలతవి కొనండి. కింద రెండు గొలుసులను ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి తగిలించండి.

కాగితాల మాట కూడా చెప్పాలి. ట్రెయిలర్‌కూ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2016 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఒక్కో గుర్రానికి కనీసం 2.25 చదరపు మీటర్ల విడి అర కావాలి. ప్రయాణానికి ముందు పశువైద్యుని ధ్రువపత్రం తీసుకోండి.

అన్నీ కుదిరి బండి ఇంటికి వచ్చాక నేను మొదటి రోజే గుర్రాన్ని ఎక్కించనివ్వను. 50 కిలోల ఇసుక బస్తాలు ఇరవై వేస్తే రెండు గుర్రాల బరువు. వాటిని ఇరుసు మీదుగా సమంగా పేర్చి, కదలకుండా కట్టి, తెల్లవారుజామున నంది కొండ వైపు ఒక ఎత్తు ఎక్కి దిగి వస్తాం. దిగాక నాలుగు చక్రాలూ, ట్రెయిలర్ చక్రాలూ సెగ చూస్తాను. మిగతావాటి కంటే ఒకటి ఎక్కువ వేడెక్కితే, ఆ చక్రం విప్పి బాగుచేసేదాకా గుర్రం శాలలోనే ఉంటుంది.