చెక్-ఇన్‌లతో గీసిన పేటల పటాలు

అమీర్‌పేట ఎక్కడ అయిపోయి ఎస్సార్ నగర్ ఎక్కడ మొదలవుతుందో మున్సిపల్ పటం ఒకటి చెబుతుంది, అక్కడ రోజూ తిరిగేవాళ్లు ఇంకొకటి చెబుతారు. ఈ రెండో పటాన్ని ఫోన్ల నుంచి రాబట్టాలన్న ప్రయత్నాలు అమెరికాలో 2010 ప్రాంతంలో ఊపందుకున్నాయి.

అంతకు ముందు ఏడాదే ఫోర్‌స్క్వేర్ యాప్ వచ్చింది. కాఫీ షాపుకో బారుకో వెళ్లి, ఇక్కడున్నానని ఫోన్‌లో నొక్కితే అది చెక్-ఇన్. ఒకచోట అందరికన్నా ఎక్కువగా చెక్-ఇన్ చేసినవారికి ‘మేయర్’ బిరుదు! ఆ సరదా నొక్కుళ్లే పరిశోధకులకు ముడిసరుకయ్యాయి. చెక్-ఇన్‌లే కాదు, ఫొటోలూ పనికొచ్చాయి: 2010లో ప్రోగ్రామర్ ఎరిక్ ఫిషర్, ఫ్లికర్, పికాసా సైట్లలో జనం పెట్టిన ఫొటోల లొకేషన్లతో నగరాల పటాలు వేశారు. స్థానికులు తీసినవి నీలం, పర్యాటకులు తీసినవి ఎరుపు.

అసలు మలుపు 2012లో, పిట్స్‌బర్గ్‌లో. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ బృందం దాదాపు 1.8 కోట్ల చెక్-ఇన్‌లు సేకరించి ‘లైవ్‌హుడ్స్’ పేరుతో నగరాలను కొత్తగా విడగొట్టింది. దగ్గరదగ్గరగా ఉండి, ఒకే రకం మనుషులు వచ్చిపోయే చోట్లన్నీ ఒక గుంపు. ఇలా వచ్చిన గీతలు అధికారిక హద్దులతో చాలాచోట్ల కలవలేదు. కలిగినవారి పేట షేడీసైడ్, చాలాకాలం పేదరికంలో ఉండి అప్పుడప్పుడే మారుతున్న ఈస్ట్ లిబర్టీ పక్కపక్కనే ఉంటాయి. ఒక గుంపు ఆ రెంటి మధ్య హద్దును దాటి ఇటూ అటూ పరుచుకుంది. బృందం లెక్కలతో ఊరుకోక, నగరవాసులను కలిసి పటం నిజమేనా అని అడిగింది. నా దృష్టిలో ఆ పరిశోధనకు విలువ తెచ్చింది ఇదే.

అయితే చెక్-ఇన్ నలుగురికీ చూపించుకునే పని. కొత్త కేఫ్‌కి వెళ్తే నొక్కుతారు, ఆస్పత్రికో అప్పులవాడి దగ్గరికో వెళ్తే నొక్కరు. స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్లూ పేదలూ పాత పేటలోనే బతుకుతున్నా ఆ పటంలో ఉండరు. పేట మారుతోందని పటం చెబుతుంది, ఎవరు ఖాళీ చేశారో చెప్పదు.

2014లో బ్రెజిల్ పరిశోధకులు తిండి, తాగుడు చెక్-ఇన్‌లతో దేశాల మధ్య సాంస్కృతిక హద్దులే గీయబోయారు. అదే ఏడాది ఫోర్‌స్క్వేర్ చెక్-ఇన్‌ను స్వార్మ్ అనే వేరే యాప్‌లోకి నెట్టింది, క్రమంగా లొకేషన్ సమాచారం అమ్మే వ్యాపారంలోకి మళ్లింది. 2018లో, పరుగులూ సైకిల్ సవారీలూ నమోదు చేసే స్ట్రావా యాప్ పటంలో సైనిక స్థావరాలు బయటపడి గగ్గోలు రేగింది. 2019లో ట్విట్టర్ ట్వీట్లకు కచ్చితమైన లొకేషన్ తగిలించే సౌకర్యాన్ని తీసేసింది, వాడేవాళ్లు తక్కువేనంటూ.