మందుకు లొంగనిది మంటకు లొంగుతుంది

పిల్లలకు ఆశీస్సులు.

బండి మీద కాల్చి అమ్మే మాంసంలో యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా ఉండొచ్చని చెబితే, వెంటనే ఒక అనుమానం వస్తుంది: మందుకే చావనిది మంటకు చస్తుందా? చస్తుంది. పెన్సిలిన్ జాతి మందుల్లో నాలుగు పరమాణువుల చిన్న వలయం ఒకటుంటుంది. మొండి బాక్టీరియాల్లో కొన్ని బీటా లాక్టమేజ్ అనే ఎంజైముతో దాన్ని తెంచి మందును పనికిరాకుండా చేస్తాయి. ఆ ఎంజైము వేడిని ఆపలేదు. ముక్క నడిమధ్య 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే మొండిదీ మామూలుదీ ఒకేలా చస్తాయి.

మాంసంలోని ఈ మొండి బాక్టీరియా ఎక్కువగా తయారయ్యేది ఫారాల్లో. జబ్బు లేకపోయినా మేతలో మందు కలిపితే బలహీనమైనవి పోయి, తట్టుకున్నవే మిగిలి పెరుగుతాయి. జంతువును కోసేటప్పుడు పేగుల్లోవి మాంసం పైకి అంటుకుంటాయి. కైమా కొడితే పైనున్నది లోపలికీ పోతుంది. కాబట్టి కైమా లోపలిదాకా ఉడకాల్సిందే.

అసలు ప్రమాదం ఉడికిన తర్వాతే. బండి దగ్గర రెండు నిమిషాలు నిలబడి చేతులు చూడండి. పచ్చిముక్కను పెనం మీద పెట్టిన పటకారుతోనే కాలిన ముక్క తీస్తున్నారా? పచ్చిది కోసిన మొద్దు మీదే ఉడికింది తరుగుతున్నారా? మొద్దు తుడిచిన గుడ్డతోనే ప్లేటు తుడుస్తున్నారా? నాకైతే ఆ గుడ్డంటేనే ఎక్కువ భయం. పొద్దంతా తడిగా ఉండి, అన్నిటినీ తాకేది అదే. ఉడికిన ముక్క మీద పచ్చిమాంసం నీరు ఒక్క చుక్క పడినా, ఆ ముక్క మళ్లీ మంట ఎక్కదు కదా.

పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బాక్టీరియా అనువైన వెచ్చదనంలో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. ఒక్కటి 7 గంటల్లో 20 లక్షలు దాటగలదు. అందుకే ఉడికింది 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా ఉండాలి. గోరువెచ్చగా 2 గంటలకు మించి ఉన్నది వద్దు. మళ్లీ వేడిచేసినా లాభం లేని సందర్భం ఒకటుంది: వంటవాళ్ల చేతుల నుంచి, ముక్కు నుంచి చేరే స్టెఫిలోకోకస్ అనే బాక్టీరియా వదిలిన విషం మరిగించినా పోదు.

తిన్నరోజు కడుపునొప్పి రాలేదని నిశ్చింతపడలేం. మింగిన మొండి బాక్టీరియా, మందును తట్టుకునే విద్య రాసి ఉన్న ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరాన్ని మన పేగుల్లోని సాధు బాక్టీరియాకు అందించగలదు. నెలల తర్వాత మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే మామూలు మాత్ర పనిచేయకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

విరేచనాలు పట్టుకుంటే పాత మాత్రల డబ్బా వెతకొద్దు. మోతాదు చాలని మందు సూక్ష్మజీవులకు తట్టుకోవడం నేర్పుతుందని పెన్సిలిన్‌ను కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లోనే, నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు. ముందు ఓఆర్ఎస్ తాగండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే కలపాలి. రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, మూత్రం తగ్గినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో కూడా చెప్పండి.

మీ
తాతయ్య