చెరువు గట్టు ఎవరి పూచీ?

మా ఊరి దక్షిణం కొసన 20 ఎకరాల చేపల చెరువు ఒకటి ఉంది. గట్టు కింద పంట బోదె, బోదె దాటితే సిమెంటు రోడ్డు, రోడ్డుకి ఇవతల ఇళ్లు. ఆ ఇళ్ల వాకిట్లో నిలబడితే చెరువులో నీటిమట్టం మన నడుము కంటే ఎత్తులో ఉంటుంది, గట్టు అడ్డం ఉంది కాబట్టి కనపడదు. పోయిన వానాకాలం నుంచి గట్టు అడుగున, బోదె వైపు, ఓ చాప పరిచినంత మేర నేల ఆరడం లేదు, కాలు పెడితే దిగబడుతోంది. చెరువాయన్ని అడిగితే ‘ఊటేనండీ, డెల్టాలో ఊట లేని గట్టు ఎక్కడుంది’ అన్నారు. పంచాయతీలో అడిగితే ప్రైవేటు స్థలం అన్నారు, కాలవల వాళ్లని అడిగితే అది మా గట్టు కాదన్నారు.

ఈ తగువు మనకి కొత్తగా అనిపిస్తుంది గానీ నూటయాభై ఏళ్ల నాటిది. 1868లో ఇంగ్లండులో రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ అనే కేసులో తుది తీర్పు వచ్చింది. ఒక మిల్లు యజమాని తన మిల్లు కోసం నీళ్లు నిలవ చేసుకుంటే, ఆ నీళ్లు పాత గని సొరంగాల్లోంచి దిగి పక్కాయన బొగ్గుగనిని ముంచేశాయి. ప్రమాదకరమైనదాన్ని తెచ్చి తన నేలలో పెట్టుకున్నవాడు, అది బయటపడితే జరిగే నష్టానికి తన తప్పు ఉన్నా లేకపోయినా పూచీ పడాలన్నారు. ఆ తర్వాత మన వైపు, కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీ లైను, వంతెనలు కొట్టుకుపోతే, కంపెనీ సరిగ్గా ఆ తీర్పునే పట్టుకుని దావా వేసింది. 1874లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన దేశపు కేసులకి లండన్‌లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు) ఒప్పుకోలేదు. ఈ దేశంలో చెరువులు జమీందారు సొంతానికి కట్టుకున్నవి కావు, జనం సాగు కోసం తరాలుగా ఉన్నవి, వాటిని నిలబెట్టడం అతని విధి, కాబట్టి నిర్లక్ష్యం రుజువైతేనే బాధ్యత అంది. ఆనాటి చెరువుకి ఆ మాట న్యాయమే. కానీ చేపల చెరువు ఊరి సాగు కోసం తవ్వింది కాదు, లాభం కోసం తవ్వుకున్నది. నా దృష్టిలో అది జమీందారు చెరువు కంటే ఆ మిల్లు చెరువుకే దగ్గర.

డెల్టాలో మనకి గట్టు అంటే ఏటిగట్టే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు, వాటి గట్లు, వాటిని కనిపెట్టి ఉండే లస్కర్లు, అంతా సర్కారు పని. మట్టి పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టేవాళ్లు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ ఏటిగట్లకే గండ్లు పడ్డాయి, ఆ తర్వాత వాటిని ఎత్తు పెంచి పటిష్ఠం చేశారు. అంటే ఏటిగట్టు మీద అందరికీ కన్ను ఉంది, బడ్జెట్ ఉంది. ఈలోగా 1970ల నుంచి కొల్లేరులో మొదలైన చేపల చెరువులు ఆకివీడు, ఉండి, భీమవరం వైపు వరి చేలలోకి పాకాయి. కొల్లేరులో 1999లో అభయారణ్యం ప్రకటించి 2006లో చెరువు గట్లు పగలగొట్టారు. అప్పుడు జరిగిన వాదనంతా సరస్సు గురించి, ఆక్రమణ గురించి. గట్టు గట్టిదా కాదా అన్న మాట ఎక్కడా పెద్దగా రాలేదు.

మా చెరువు గట్టు ఎలా లేచిందో నా కళ్లతో చూశాను. ప్రొక్లెయిన్ పెట్టి చెరువు అడుగు మట్టినే తోడి అంచున కుప్ప పోశారు, దాని మీద ట్రాక్టర్లు తిరిగాయి, అదే దిమ్మిస. మాది రేగడి. చేపలు పట్టాక ఎండగడితే గట్టు నిలువునా బీటలు తీస్తుంది, మళ్లీ నీళ్లు పెడితే ముందు ఆ బీటల్లోకే దిగుతాయి. దానికి తోడు ఎండ్రకాయలు, పందికొక్కుల బొరియలు, గట్టు మీద వేసిన కొబ్బరి మొక్కల వేళ్లు. అలుగు లేదు, ఒకటే తూము, దానికి చేపలు పోకుండా వల కట్టి ఉంటుంది. తుఫాను రోజున గుర్రపుడెక్క వచ్చి ఆ వలకి అంటుకుంటే నీళ్లు పోయే దారి గట్టు మీద నుంచే, మట్టి గట్టు మీదుగా నీళ్లు పారాయంటే కోసుకుపోవడానికి ఎంతోసేపు పట్టదు. 20 ఎకరాల్లో 6 అడుగుల నీళ్లంటే దాదాపు 15 కోట్ల లీటర్లు.

మరి చట్టం? 2021లో డ్యాం సేఫ్టీ చట్టం వచ్చింది. అది 15 మీటర్ల పైన ఎత్తున్న డ్యాములకి, 10 నుంచి 15 మీటర్ల మధ్యవైతే కొన్ని షరతులున్న వాటికి. 2024 జూలైలో అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు కట్ట తెగి మన వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లో ఊళ్లు మునిగాక కట్టల మీద చర్చ జరిగింది గానీ, అదైనా ప్రాజెక్టుల గురించే. ఎత్తుని బట్టి లెక్క వేస్తే మా గట్టు లెక్కలోకే రాదు. దాని కింద ఎవరు పడుకుంటున్నారో చూసి లెక్క వేయాలి కదా.

ఇంజినీరింగ్ తెలిసిన ఒకాయన వచ్చి చూసి చెప్పారు. ఊట తేటగా వస్తే భయం తక్కువ, మట్టి రంగులో వస్తే గట్టు లోపల నుంచి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. బయట బంకమట్టి వేసి ఊట మూయకూడదట, లోపల ఒత్తిడి పెరిగి ఇంకోచోట బుంగ పడుతుందట. ముందు చెరువు ఒక అడుగు దించి, ఊట మీద ఇసుక, దాని మీద కంకర, పైన బరువు వేయాలి, నీళ్లు పోవాలి, మట్టి ఆగాలి. పెద్ద ఖర్చు కూడా కాదు.

అప్పటి నుంచి ఆ రోడ్డు వాళ్లు రోజూ పొద్దున్నే గాజు గ్లాసులో ఊట నీళ్లు పట్టి కిటికీలో పెడుతున్నారు. మొదటి వారం తేటగానే ఉన్నాయి. నిన్న సాయంత్రానికి గ్లాసు అడుగున సన్నటి నల్లమట్టి దిగింది. ఫొటో తీసి చెరువాయనకి పంపాం, నీళ్లు ఎప్పుడు దించుతారని అడిగాం.