తీర్పు వచ్చిన ఆరో రోజు

హాలీవుడ్ తొలినాళ్ల హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ మూకీ కామెడీలు ఎక్కడ తెర మీదికొచ్చినా పాత గొడవ మళ్లీ రాజుకుంటుంది. "ఒక ఆడమనిషి చావుకు కారణమైనవాడి సినిమా చూసి ఎలా నవ్వుతారు?" అని ఒక వర్గం అడుగుతుంది. "కోర్టు నిర్దోషి అన్నాక ఇంకేం కావాలి?" అని రెండో వర్గం తిరిగి అడుగుతుంది. ఇద్దరి వాదనా చివరికి ఒక్కచోటికే చేరుతుంది: శాన్‌ఫ్రాన్సిస్కోలోని సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్, 1219వ నంబరు గది, 1921 సెప్టెంబరు 5. ఆరోజు అక్కడ జబ్బుపడిన నటి వర్జీనియా రాపే నాలుగు రోజులకు చనిపోయింది, ఆ చావుకు ఆర్బకిల్ మీద కేసు నడిచింది. ఆ తలుపు వెనక ఏం జరిగిందని నూరేళ్లు దాటినా కొట్టుకుంటూనే ఉన్నారు.

నన్నడిగితే ఈ గొడవ ఇంతకాలం ఎందుకు తెగలేదో తెలియాలంటే 1922 ఏప్రిల్ 12కీ 18కీ మధ్య ఉన్న ఆ కొద్ది రోజుల్ని చూడాలి.

ఏప్రిల్ 12న మూడో విచారణ ముగిసింది. జ్యూరీ లోపలికి వెళ్లి అయిదారు నిమిషాల్లో బయటికొచ్చింది. ఆ కాస్త సమయంలో కూడా ఎక్కువ భాగం ఒక కాగితం రాయడానికే పట్టింది. అది క్షమాపణ. వదిలేసినంత మాత్రాన సరిపోదు, ఈ మనిషికి పెద్ద అన్యాయం జరిగింది, నేరంతో ఇతన్ని ముడిపెట్టడానికి ఇసుమంత రుజువు కూడా లేదు అని అందులో రాశారు. నిందితుడికి జ్యూరీ క్షమాపణ చెప్పుకోవడం ఎక్కడో గానీ వినం.

ఏప్రిల్ 18న ఇంకో కాగితం వచ్చింది. దాన్ని రాసినాయన విల్ హేస్. అప్పటికి కొద్ది వారాల కిందటే అమెరికా పోస్ట్‌మాస్టర్ జనరల్ పదవి వదిలి, నిర్మాతలంతా కలిసి పెట్టుకున్న సంఘానికి అధ్యక్షుడిగా కూర్చున్నాడు. ఆర్బకిల్ సినిమాల బుకింగులన్నీ, ఆటలన్నీ రద్దు అని ఆ కాగితం సారాంశం. దాదాపు 10 వేల ఒప్పందాలు అమల్లో ఉన్నా రద్దు చేస్తున్నామని అందులోనే చెప్పుకున్నారు. ఎవరెవరితో మాట్లాడి నిర్ణయించాడో కూడా రాశాడు: నిర్మాత జోసెఫ్ షెంక్ తరఫున నికొలస్ షెంక్, పంపిణీదారుల తరఫున అడాల్ఫ్ జుకర్, జెస్సీ లాస్కీ. అంటే ఆర్బకిల్ సినిమాలు తీసినవాళ్లూ, అమ్మినవాళ్లూ. ఏళ్ల తరబడి ఆయన నవ్వించిన నవ్వుతో డబ్బు చేసుకున్నవాళ్లే ఆ గదిలో కూర్చుని చేతులు దులుపుకున్నారు.

పన్నెండుమంది పౌరులు నెల రోజులు సాక్ష్యం విని ఇచ్చిన తీర్పు ఆరు రోజులు కూడా నిలవలేదన్నమాట. నిప్పు లేనిదే పొగ రాదనుకునే జనానికి ఇంతకంటే ఏం రుజువు కావాలి? సొంత మనుషులే పక్కన పెట్టారంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నారు. ఆ అనుమానమే ఈరోజుదాకా నడుచుకుంటూ వచ్చింది.

ఎందుకు అంత తొందర? సమాధానం కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. సినిమా అనేది ఒట్టి వ్యాపారం, దానికి వాక్ స్వాతంత్ర్యం వర్తించదని 1915లోనే అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది (ఆ మాట మారడానికి 1952 దాకా పట్టింది). కాబట్టి ఏ రాష్ట్రమైనా సెన్సార్ బోర్డు పెట్టుకోవచ్చు. 1921లో న్యూయార్క్ రాష్ట్రం పెట్టేసుకుంది. మసాచుసెట్స్‌లో 1922 నవంబరులో సెన్సార్ మీద ఓటింగ్ ఉంది. ఇవి చాలవన్నట్టు ఆర్బకిల్ రెండో విచారణ జరుగుతుండగానే, ఫిబ్రవరి 1న, విలియం డెస్మండ్ టేలర్ అనే దర్శకుడు లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంట్లో హత్యకు గురయ్యాడు. ఆ సాయంత్రం ఆయన్ని చూసి వెళ్లింది మేబెల్ నార్మండ్. కీస్టోన్ అనే కామెడీ స్టూడియోలో ఆర్బకిల్ పక్కన పదుల కొద్దీ కామెడీల్లో నటించిన అమ్మాయి. హాలీవుడ్ మొత్తం టెన్షన్‌లో ఉంది. మా ఇల్లు మేమే శుభ్రం చేసుకుంటాం, మీరు లోపలికి రావద్దు అని ప్రభుత్వాలకు చూపించడానికి ఒక తల కావాలి. ఆ దేశంలో అప్పట్లో అందరికీ తెలిసిన తలల్లో ఆర్బకిల్‌ది ఒకటి.

నవంబరులో మసాచుసెట్స్ ఓటర్లు సెన్సార్‌ను భారీగా ఓడించారు. డిసెంబరులో, క్రిస్మస్‌కి ముందు, హేస్ నిషేధం ఎత్తేశాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నేను రుజువు చేయలేను. తేదీలు మాత్రం పక్కపక్కనే ఉన్నాయి. నిషేధం ఎత్తేసినా హాళ్లవాళ్లు ముందుకు రాలేదు, మహిళా సంఘాలూ చర్చిలూ ఊరుకోలేదు. ఒక్కసారి పడిన ముద్రను ఒక ప్రకటనతో తుడవలేకపోయారు.

ఇక కేసు సంగతి. ప్రాసిక్యూషన్ కథ మొత్తం మోడ్ డెల్మాంట్ అనే ఆవిడ ఇచ్చిన వాంగ్మూలం మీద నిలబడింది. హత్యానేరం అన్న మాట పత్రికలకెక్కింది ఆవిడ వల్లే. మూడు విచారణల్లోనూ జిల్లా అటార్నీ మాథ్యూ బ్రేడీ ఆవిణ్ని ఒక్కసారి కూడా సాక్షి బోనెక్కించలేదు. మీ ప్రధాన సాక్షిని మీరే పిలవలేదంటే దానర్థం ఏమిటో చెప్పక్కర్లేదు. ఆర్బకిల్ సీసాతో రాపే మీద అఘాయిత్యం చేశాడని ఈరోజుకీ జనం గుసగుసగా చెప్పుకునే కథ ఏ విచారణలోనూ ఆరోపణగా రాలేదు. అది పత్రికల నుంచీ నోటి నుంచీ పుట్టింది. జడ్జి అభియోగాన్ని ముందే హత్య నుంచి, చంపాలన్న ఉద్దేశం లేని నరహత్య స్థాయికి తగ్గించాడు. మొదటి విచారణలో 10 మంది నిర్దోషి అన్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు, దాంతో తీర్పు తేలలేదు. రెండోసారి ఆర్బకిల్ లాయర్లు ఇంక గెలిచినట్టేననుకుని ఆయన చేత సాక్ష్యం చెప్పించలేదు. ఆ మౌనాన్ని జ్యూరీ తప్పు ఒప్పుకోలుగా తీసుకుంది, లెక్క తిరగబడింది: 10 మంది దోషి అన్నారు. మూడోసారి ఆయన నోరు విప్పి చెప్పాడు. ఫలితం పైన చెప్పిందే.

రెండో వైపు మాట కూడా చెప్పాలి. వర్జీనియా రాపేకి 30 ఏళ్లు. నటి, దుస్తుల డిజైనర్ కూడా. ఆ హోటల్ గదిలో జబ్బుపడిన నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 9న, మూత్రాశయం పగిలి ఇన్ఫెక్షన్‌తో చనిపోయింది. నొప్పితో అరుస్తున్న మనిషిని తాగి ఉందనుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లలేదు. ఆర్బకిల్ మర్నాడే లాస్ ఏంజెలెస్ వెళ్లిపోయాడు. కోర్టులో డిఫెన్స్ ఆమె పాత జీవితాన్నంతా తవ్వి, ఆమె గుణం మీద బురద చల్లింది. ఆయన్ని నిర్దోషి అని నమ్మేవాళ్లలో కొందరు ఇప్పటికీ ఆ బురదే మోస్తున్నారు. ఆయన తప్పు చేయలేదనడానికి ఆమె చెడ్డదై ఉండాల్సిన అవసరం లేదు. ఈ మాట ఆయన పక్షాన మాట్లాడేవాళ్లే ముందు చెప్పాలి.

అయినా ఆ ఆరు రోజుల వల్ల పోయినదేమిటో తెలియకుండా వాదన పూర్తి కాదు. ఆర్బకిల్ ఎక్కడ పుట్టాడు, కీస్టోన్‌లోకి ఎలా వచ్చాడన్నవి ఎక్కడైనా దొరుకుతాయి. నేను 1917 నుంచి మొదలుపెడతాను. జోసెఫ్ షెంక్ ఆయనకు కొమీక్ అనే సొంత కంపెనీ పెట్టించాడు. న్యూయార్క్‌లో తీసిన మొదటి రెండు రీళ్ల సినిమా 'ది బుచర్ బాయ్'లో ఒక కుర్రాడు డబ్బా పట్టుకుని కొట్టు దగ్గరికి వస్తాడు, బెల్లప్పాకం కావాలంటాడు. చిల్లర డబ్బాలోనే పడేసి ఉంటాడు. కొట్టులో ఉన్న ఆర్బకిల్ చూసుకోకుండా పాకం నింపేసి డబ్బులడుగుతాడు. కుర్రాడు లోపలికి వేలు చూపిస్తాడు. పాకం కుర్రాడి టోపీలోకి వెళ్తుంది, టోపీ తలకి అంటుకుంటుంది, కారిన పాకంలో చెప్పు నేలకి అతుక్కుపోతుంది. ఆ కుర్రాడు బస్టర్ కీటన్, వయసు 21, కెమెరా ముందుకు రావడం అదే మొదటిసారి. ఆర్బకిల్ ఎక్కడా అతన్ని మింగేయడు. పక్కకు తప్పుకుని, ఆ సన్నటి మనిషి మొహం మీద మన చూపు నిలబడేంత టైమ్ ఇస్తాడు. కీటన్ తర్వాత ఎంత పెద్దవాడయ్యాడో మనకు తెలుసు. సినిమా ఎలా తీయాలో తనకు నేర్పింది రాస్కోయేనని అతను జీవితాంతం చెప్పాడు. అతనెప్పుడూ రాస్కో అనే పిలిచాడు. "ఫ్యాటీ" అన్న పేరు పోస్టర్ల మీదిది, ఆయనకు నచ్చనిది. అందుకే ఇక్కడ నేనూ వాడలేదు.

అదే ఏడాది వచ్చిన 'ది రఫ్ హౌస్'లో ఇంకో చిన్న ముక్క ఉంది. ఆర్బకిల్ భోజనాల బల్ల దగ్గర రెండు బన్నులకు రెండు ఫోర్కులు గుచ్చి కాళ్లలా నడిపిస్తాడు. కొన్ని సెకన్లే, వచ్చినంత తేలిగ్గా పోతుంది. చాప్లిన్ 1925లో 'ది గోల్డ్ రష్'లో ఇదే ఆలోచనను పూర్తి నాట్యంగా పెంచాడు. మన ఇళ్లలో చిన్నా పెద్దా అందరూ గుర్తుపట్టేది అదే. చాప్లిన్ దాన్ని ఎక్కడికో తీసుకెళ్లాడు, ఒప్పుకుంటాను. కానీ దానికి ఎనిమిదేళ్ల ముందు ఆ ఫోర్కులు ఎవరి చేతిలో ఉన్నాయో చూడటానికి జనానికి దారే మూసేశారు. తెర మీద ఆడని సినిమా ప్రింటును ఎవరు జాగ్రత్తగా దాస్తారు? 1918 నాటి 'ది కుక్' పోయిందనే అనుకున్నారు. 1998లో నార్వేలో దొరికింది. నిషేధం నాటికే పూర్తయి ఉన్న 'లీప్ ఇయర్' ఆ రోజుల్లో అమెరికాలో విడుదలే కాలేదు.

నిషేధం తర్వాత ఆయన దర్శకుడిగా బతికాడు, వేరే పేరు పెట్టుకుని. తెర మీద విలియం గుడ్‌రిచ్ అని పడేది. అది ఆయన తండ్రి పేరులోని మొదటి రెండు ముక్కలు. సొంత పేరుతో, సొంత మొహంతో మళ్లీ కనిపించింది 1932-33లో, వార్నర్ వాళ్ల వైటాఫోన్ సంస్థ కోసం బ్రూక్లిన్‌లో తీసిన ఆరు చిన్న టాకీల్లో. బ్రిటన్‌లో వాటిక్కూడా అనుమతి ఇవ్వలేదు. అమెరికాలో మాత్రం జనం చూశారు, నవ్వారు. పెద్ద సినిమాకు ఒప్పందం కూడా కుదిరింది. 1933 జూన్ 28 రాత్రి ఆ సంతోషంలో భార్యతో, మిత్రులతో కలిసి భోంచేసి వచ్చి పడుకున్నాడు. నిద్రలోనే గుండె ఆగింది. వయసు 46.

ఈసారి ఎవరైనా ఆయన రెండు రీళ్ల బొమ్మ వేస్తే, ఆట మొదలయ్యే ముందు 1921 సెప్టెంబరు 5తో పాటు 1922 ఏప్రిల్ 12, ఏప్రిల్ 18 కూడా చెప్పమని అడుగుతాను. వర్జీనియా రాపే నటి అనీ, ఆమెకంటూ ఒక వృత్తి ఉండేదనీ కూడా అక్కడే చెప్పమంటాను.