బండ, ఆకు, చెరువు

బెంగళూరు లాల్‌బాగ్‌కి వచ్చినవాళ్లు గ్లాస్‌హౌస్ ముందు ఫొటో దిగి వెళ్లిపోతారు. మా ఊరి నుంచి చుట్టాలొస్తే నేను మాత్రం ముందు అక్కడి రాతిబండ ఎక్కిస్తాను. మొన్న ఏప్రిల్‌లో మా బాబాయి సగం దూరం ఎక్కి, ఆయాసంతో అక్కడే చతికిలబడబోయి చటుక్కున లేచాడు. "ఏమిట్రా ఇది, అట్లపెనమా?"

ఆ పెనం వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. నెత్తిన ఉన్న, బెంగళూరుకు పునాది వేసిన కెంపేగౌడ బురుజు దానిముందు నిన్నటి కట్టడం. నలుపూ తెలుపూ చారలు మెలికలు తిరిగిన ఈ రాయిని నైస్ అంటారు, గ్రానైటుకు దగ్గరి చుట్టం. ఇంత ముసలి బండైనా ఎండలో చేసేది ఒకటే పని, వేడిని మింగడం. ఆవిరైపోయి చల్లబరచడానికి అందులో తడి లేదు. పైగా కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి పట్టే వేడిలో ఐదో వంతు చాలు, కిలో రాయికి. పగలు మింగిందంతా పొద్దుగూకాక మెల్లగా కక్కుతుంది. మన డాబాలు రాత్రి పదింటికి కూడా సెగలు కక్కేది ఇందుకే.

బండ దిగి బూరుగు చెట్టు దగ్గరికి నడిచాం. వేళ్లు నేలమీద గోడల్లా లేచి ఉంటాయి, రెండు వేళ్ల మధ్య మనిషి దాక్కోవచ్చు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన ఈ తోటలో ఇప్పుడు 240 ఎకరాల చెట్లూ నీళ్లూ ఉన్నాయి. "ప్రాణం లేచొచ్చింది" అన్నాడు బాబాయి.

నీడ కదా మరి, అనుకుంటాం. బస్టాపు రేకుల కింద ఉన్నదీ నీడే. అక్కడ ప్రాణం ఎందుకు లేచిరాదు?

రేకు తాను కాగిపోయి ఆ వేడిని మన నెత్తిమీదికి దింపుతుంది. ఆకు కాగదు. దాని అడుగున కంటికి కనపడని రంధ్రాల్లోంచి నీరు ఆవిరై పోతూ, వేడిని వెంట తీసుకుపోతుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ, సాయంత్రం వాకిట్లో కళ్లాపి చల్లితే హాయిగా ఉండేదీ ఇదే లెక్కన. లీటరు నీరు ఆవిరవడానికి పట్టే వేడిని కరెంటులో కొలిస్తే సుమారు 0.67 యూనిట్. వేళ్లకు నీరందే పెద్ద చెట్టు ఎండరోజున వంద లీటర్లు ఆవిరి చేయడం వింతేమీ కాదు. అంటే 67 యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ అంత వేడిని లాగడానికి పన్నెండు గంటలకు పైగా ఆడాలి. పైగా ఏసీ ఆ వేడిని పక్కింటి కిటికీ వైపు ఊదుతుంది.

అలాగని చెట్టుకింద గాలి ఏసీ గదిలా మారిపోదు. గాలి వీస్తూనే ఉంటుంది, చల్లదనం చెదిరిపోతూనే ఉంటుంది. గాలి తేడా కొద్ది డిగ్రీలే. మనకు దక్కే హాయిలో ఎక్కువ భాగం ఎండ నేరుగా తగలకపోవడం, పైనున్న ఆకు కాగకపోవడం వల్ల వచ్చేదే. నేల ఎండిపోతే చెట్టు ఆ రంధ్రాలు మూసుకుంటుంది, అప్పుడు ఈ సేవ కూడా తగ్గిపోతుంది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో మందార కొమ్మకు ఉదయం పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి తొడిగి మూతి కట్టేయండి. మధ్యాహ్నానికి లోపల నీటి చుక్కలు. ఈ పని లాల్‌బాగ్‌లో చేస్తే వాచ్‌మన్ ఊరుకోడు.

ఇక చెరువు. గట్టుమీద కూర్చుంటే నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి. ఎండ రాయి పైపొరలో ఆగిపోతుంది గానీ నీటిలో లోపలిదాకా దిగుతుంది. గాలికి నీరు కలిసిపోయి ఆ వేడి పంచుకుంటుంది. అందుకే మధ్యాహ్నం రోడ్డు మండిపోతున్నా చెరువు పెద్దగా వేడెక్కదు. చల్లబడటంలోనూ అంతే బద్ధకం. కాబట్టి చెరువు పక్క ఎప్పుడూ చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు. రాత్రి గడిచేకొద్దీ గాలి చల్లబడుతుంది, నీరు మాత్రం పగటి వెచ్చదనాన్ని పట్టుకుని కూర్చుంటుంది. జనవరిలో చలి గట్టిగా పడ్డ రోజున తెల్లవారుతూనే వెళ్తే ఆ తేడా కంటికే కనిపిస్తుంది. వెచ్చటి నీటిమీంచి లేచిన ఆవిరి చల్లటి గాలి తగిలి సన్నటి బిందువులై, చెరువంతా ఎసరు పెట్టినట్టు పొగలు కక్కుతుంది.

అది చూడ్డానికి సంక్రాంతి అయ్యాక రమ్మన్నాను. "మళ్లీ ఆ బండ ఎక్కించవు కదా?" అని అడిగాడు బాబాయి.