పాత సీపీయూ, కొత్త టీవీ: కేబుల్ చెప్పని లెక్క

పర్లాకిమిడి బజారులో కంప్యూటర్ సామాను అమ్మే కొట్టుకెళ్ళి "వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐ కావాలి" అనండి. పని తెలిసిన కొట్టాయన అయితే వెంటనే చేతిలో పెట్టడు. "ఎటు నుంచి ఎటుకండీ? సిస్టం పాతదా, టీవీ పాతదా?" అని అడుగుతాడు. ఆ మాట అడగని కొట్లో కొనకపోవడమే మంచిది.

కాశీనగరం, గుణుపురం వైపు ట్యూషన్ సెంటర్లలో, ఫొటో స్టూడియోల్లో, మీసేవ లాంటి పనులు చేసిపెట్టే చిన్న గదుల్లో పాత సీపీయూలు ఇంకా బాగానే నడుస్తున్నాయి. ముందు పోయేది మానిటర్. ఇంట్లో హెచ్‌డీఎంఐ సాకెట్ ఉన్న 32 అంగుళాల టీవీ ఉంటుంది, సీపీయూ వెనక నీలం రంగు వీజీఏ సాకెట్ ఉంటుంది. రెండూ కలిపేస్తే సరి అనుకుంటాం. ఒక పక్క వీజీఏ, ఇంకో పక్క హెచ్‌డీఎంఐ పిన్ను ఉన్న ఉత్త కేబుల్ చవగ్గా దొరుకుతుంది కూడా. తెచ్చి తగిలిస్తే టీవీ మీద "నో సిగ్నల్" అని వస్తుంది. కేబుల్ పాడైపోయిందని మార్చి ఇంకోటి తెస్తారు. అదీ అంతే.

మన ప్రాంతం పెద్దవాళ్ళకి నౌపడ గుర్తుండే ఉంటుంది. 1900లో మొదలైన పర్లాకిమిడి లైట్ రైల్వే పట్టాల వెడల్పు అప్పట్లో రెండున్నర అడుగులు. నౌపడలో కలిసే మెయిన్ లైను వెడల్పు ఐదున్నర అడుగులు. గుణుపురం నుంచి వచ్చిన చిన్న పెట్టెని మెయిన్ లైను బండికి తగిలించే పనే ఉండేది కాదు. మనుషులూ మూటలూ దిగి బండి మారాల్సి వచ్చేది. మన కేబుళ్ళదీ ఇదే కథ. వీజీఏ తీగలో నడిచేది ఓల్టేజి. హెచ్‌డీఎంఐ తీగలో నడిచేవి అంకెలు. దారిలో ఎక్కడో ఒకచోట బొమ్మలోని ప్రతి చుక్కా దిగి బండి మారాలి. ఆ పని చేసే చిప్పు అనలాగ్-టు-డిజిటల్ కన్వర్టర్. ఉత్త కేబుల్లో అది ఉండదు.

కొట్లో ఎక్కువగా కనబడేది దీనికి ఉల్టా సరుకు: కొత్త ల్యాప్‌టాప్‌ని పాత ప్రొజెక్టర్‌కి కలిపేది. అందులో ఉండే చిప్పు అంకెల్ని ఓల్టేజిగా మారుస్తుంది, ఇటు నుంచి అటు పనిచేయదు. గుర్తుపట్టడం సులువే. మనకి కావలసినదానికి సాధారణంగా వీజీఏ వైపు పొడుచుకొచ్చిన పిన్నులుంటాయి, హెచ్‌డీఎంఐ వైపు కన్నం ఉంటుంది. కరెంటు కోసం ఒక యూఎస్‌బీ తోక, సౌండ్ కోసం ఒక ఆడియో వైరు కూడా వేలాడుతుంటాయి. వీజీఏ తీగలో సౌండ్ రాదు కదా. ఇక్కడ దొరక్కపోతే బరంపురం గానీ శ్రీకాకుళం గానీ వెళ్ళాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించాలి. అంతకన్నా ముందు టీవీ వెనక్కి ఒకసారి తొంగిచూడండి. కొన్నేళ్ళ కిందటి ఎల్ఈడీ టీవీల్లో "పీసీ ఇన్" పేరుతో నీలం సాకెట్ ఉండేది. అది ఉంటే కన్వర్టర్ టీవీ లోపలే ఉన్నట్టు, ఖర్చు తప్పినట్టే.

సరైన కన్వర్టర్ తెచ్చారు, బొమ్మ వచ్చింది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. అక్షరాలు వణుకుతుంటాయి, బొమ్మ ఒక పక్కకి జరిగి ఉంటుంది, కొన్నిచోట్ల నిలువుగా మసక పట్టీలు కనబడతాయి. కన్వర్టర్ నాసిరకం అని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు దానిది కాదు. దానికి అవసరమైన ఒక లెక్కని కేబుల్ అసలు చెప్పనే లేదు.

వీజీఏని ఐబీఎం 1987లో తన పీఎస్/2 కంప్యూటర్లతో తెచ్చింది. తమాషా ఏమిటంటే దానికి ముందు 1981లో వచ్చిన ఐబీఎం పాత పద్ధతి సీజీఏలో మానిటర్‌కి వెళ్ళేది డిజిటల్ సిగ్నలే. కాకపోతే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, అదనపు వెలుగు ఉన్నాయా లేవా అని మాత్రమే చెప్పే నాలుగు తీగలు, వాటితో వచ్చేవి 16 రంగులు. ఎక్కువ రంగులు కావాలంటే తీగలు పెంచుకుంటూ పోవాలి. దానికన్నా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి ఒక్కో తీగ పెట్టి, సున్నా నుంచి 0.7 ఓల్టుల మధ్య ఎంత ఇస్తే అంత వెలుగు అనుకోవడం తేలిక. పిక్చర్ ట్యూబుకి కావలసిందీ అదే. అలా వీజీఏకి 2,62,144 రంగుల్లోంచి ఏరుకునే వీలు వచ్చింది. డిజిటల్ నుంచి అనలాగ్‌కి వెళ్ళడం అప్పట్లో ముందడుగే.

పిక్చర్ ట్యూబ్‌లో ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి గీత గీస్తూ పోతుంది. గీత ఎప్పుడు మొదలుపెట్టాలో ఒక సింక్ తీగ చెబుతుంది, మళ్ళీ పైకి ఎప్పుడు రావాలో ఇంకో సింక్ తీగ చెబుతుంది. గీతలో ఎన్ని చుక్కలున్నాయో కిరణానికి తెలియనక్కర్లేదు. ఓల్టేజి ఎలా పెరిగి తగ్గితే అలా వెలిగి ఆరుతుంది. ఇప్పటి టీవీ అలా కాదు. దాని అద్దంలో ఒక్కో వరసకి 1366 గానీ 1920 గానీ గళ్ళు ముందే కట్టేసి ఉంటాయి. ఏ చుక్క ఏ గడిలోకో తేల్చాలంటే వచ్చే గీతలో మొత్తం చుక్కలెన్నో తెలియాలి.

వీడియో కార్డుకి ఆ లెక్క తెలుసు. 640×480లో (అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలు) దాని క్లాక్ సెకనుకి 2,51,75,000 సార్లు కొట్టుకుంటుంది, కొట్టుకున్న ప్రతిసారీ ఒక చుక్క బయటికొస్తుంది. అంటే ఒక్కో చుక్కకి దొరికేది సుమారు 40 నానోసెకన్లు. 1024×768కి వెళితే అది 15కి పడిపోతుంది. 2002 డిసెంబరులో వచ్చిన హెచ్‌డీఎంఐ ఈ క్లాక్ కోసమే ఒక జత తీగలు కేటాయించింది. వీజీఏ సాకెట్‌లో 15 పిన్నులున్నాయి, ఒక్కదాని మీదా ఈ క్లాక్ లేదు. కార్డు దాన్ని తన దగ్గరే ఉంచుకుంటుంది.

దీనివల్ల వచ్చే తిప్పలు చూడాలంటే విండోస్‌కి ముందు వాడిన డాస్ దగ్గరికి వెళ్ళాలి. డాస్ నల్లటి టెక్స్ట్ స్క్రీన్‌లో గీతకి 720 చుక్కలు. అదే సిస్టంలో పాత 320×200 గేమ్ పెడితే కార్డు దాన్ని రెట్టింపు చేసి 640×400గా పంపుతుంది. రెండింటికీ సెకనుకి 31,469 గీతలు, రెండింటికీ 70 ఫ్రేములు, సింక్ పల్సుల దిశ కూడా ఒకటే. తీగ చివర నిలబడి చూసే కన్వర్టర్‌కి ఈ రెండింటి మధ్య పట్టుకోదగ్గ తేడా ఏదీ లేదు. కనబడని అంచులతో కలిపి మొదటిదాంట్లో గీతకి 900 చుక్కలు, రెండోదాంట్లో 800. సింక్ వేగాన్ని గుణించి పోయిన క్లాక్‌ని మళ్ళీ తయారుచేసేది కన్వర్టర్ లోపలి పీఎల్ఎల్ అనే సర్క్యూట్. అది దేనితో గుణించాలి? తనలో రాసి ఉన్న పట్టిక చూసి ఒకటి ఊహిస్తుంది. ఊహ తప్పితే గేమ్‌లో నిలువు గీతలన్నీ ఒకటి లావుగా, ఒకటి సన్నగా వస్తాయి.

ఐబీఎం వాళ్ళు దీన్ని పూర్తిగా పట్టించుకోలేదని కాదు. సింక్ పల్సులు పైకి పొడుస్తున్నాయా కిందికా అన్నదాన్ని బట్టి 350, 400, 480 గీతల మోడ్‌లని గుర్తుపట్టే ఏర్పాటు చేశారు. కానీ అది నిలువు లెక్క. అడ్డం లెక్క ఎవరూ చెప్పలేదు, అప్పట్లో ఎవరికీ అక్కర్లేదు.

చుక్కల లెక్క గీతకి ఒకటి తేడా వచ్చినా తెర మీద ఒకచోట మసక పట్టీ పడుతుంది. ఎనిమిది తేడా వస్తే ఎనిమిది పట్టీలు. లెక్క సరిపోయినా ఇంకో చిక్కుంది: ఒక్కో చుక్క ఓల్టేజిని దాని మధ్యలో కొలవాలి. ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి మారుతున్న క్షణంలో కొలిస్తే రెండింటికీ మధ్య విలువ వస్తుంది, అదీ ప్రతిసారీ ఒకేలా రాదు. అక్షరాలు వణకడం అంటే ఇదే. మానిటర్ మీద "ఆటో" బటన్ నొక్కితే బొమ్మ సర్దుకునేది ఈ రెండూ సరిచూసుకోవడం వల్లే. చవక కన్వర్టర్లలో ఆ బటన్ ఉండదు. కేబుల్ పీకి మళ్ళీ పెట్టడమో, రెజొల్యూషన్ ఒకసారి మార్చి వెనక్కి తేవడమో చేస్తే కొత్తగా కొలుచుకుంటుంది.

పరీక్ష చేయడానికి తెలుగు గానీ ఒడియా గానీ పనికిరావు. రెండూ గుండ్రటి లిపులు, మసక వాటి వంపుల్లో దాక్కుంటుంది. నోట్‌ప్యాడ్ తెరిచి ఇంగ్లీషు చిన్న 'ఎల్' అక్షరాన్ని లైన్ల కొద్దీ నొక్కండి. తెర ఈ చివర నుంచి ఆ చివరిదాకా గీతలన్నీ ఒకే నలుపులో ఉంటే లెక్క కుదిరినట్టు.

ఇక రెజొల్యూషన్ ఏది పెట్టాలి? కన్వర్టర్ల పట్టికల్లో ఎక్కువగా ఉండే 1024×768 తో మొదలుపెట్టి బొమ్మ కుదిరాక పైకి వెళ్ళడం నయం. 1024 నిష్పత్తి నాలుగు-మూడు, టీవీది పదహారు-తొమ్మిది, కాబట్టి టీవీ మెనూలో ఆ నిష్పత్తి పెట్టకపోతే మనుషుల ముఖాలు సాగిపోతాయి. హెచ్‌డీ రెడీ టీవీల అద్దం 1366×768. చాలా పాత కార్డులు ఆ అంకె ఇవ్వవు, 1360 దగ్గరే ఆగుతాయి. 1366 ఎనిమిదితో భాగించబడదు, ఆ కార్డులు అడ్డం కొలతని ఎనిమిదేసి చుక్కలుగానే లెక్కపెడతాయి. ఆరు చుక్కలు పోతే పోయాయి, 1360 పెట్టుకోండి. అంచులు కోసుకుపోతుంటే టీవీలో "జస్ట్ స్కాన్" లేదా "స్క్రీన్ ఫిట్" లాంటి పేరున్న సెట్టింగ్ వెతకాలి. పిక్చర్ ట్యూబ్ రోజుల్లో అంచుల వంకరలు కనబడకుండా బొమ్మని కాస్త పెద్దది చేసి చూపే అలవాటు ఉండేది, అద్దం మారినా ఆ అలవాటు పోలేదు.

రెజొల్యూషన్ల జాబితాలో రెండు మూడే కనబడుతున్నాయంటే కేబుల్‌ని అనుమానించండి. ఎదుటి తెర ఏయే కొలతలు తీసుకుంటుందో చెప్పే ఈడీఐడీ అనే 128 బైట్ల చిట్టా 12, 15 పిన్నుల మీదుగా వస్తుంది. కొన్ని చవక కేబుళ్ళలో ఆ రెండు తీగలూ వేయరు.

సీపీయూ వెనక తెల్లటి డీవీఐ సాకెట్ ఉంటే అదృష్టమే. డీవీఐ-డీ, డీవీఐ-ఐ రకాల్లో నడిచేవి హెచ్‌డీఎంఐ వాడే అంకెలే, అందుకని చిప్పేమీ లేని ఉత్త కేబుల్ చాలు. సౌండ్ మాత్రం చాలావరకు వేరే వైరు లాగాల్సిందే. పసుపు పిన్ను టీవీ-అవుట్ అయితే సినిమాకి సరే గానీ చదువుకి వద్దు. మన దేశపు పాత టీవీ పద్ధతి పాల్‌లో కనబడే గీతలు 576, ఒక్కో గీతలో నిలబడే చుక్కలు సుమారు 500. ఎక్సెల్ గళ్ళు అందులో ఇమడవు.

తెర మీద అడ్డచారలు మెల్లగా పైకో కిందికో జారుతుంటే అది ఎర్తింగ్ గొడవ. సీపీయూ ఒక గదిలో ప్లగ్గులో, టీవీ ఇంకో గదిలో ప్లగ్గులో ఉండి, టీవీకి కేబుల్ వాళ్ళ వైరు కూడా ఉంటే ఇలా అవుతుంది. రెండింటినీ ఒకే బోర్డులో పెట్టి చూడండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసే వైద్యం మాత్రం వద్దు, షాక్ కొడుతుంది.

వీజీఏకి చిప్పుల్లో చోటు తీసేస్తామని ఇంటెల్, ఏఎండీ మరికొన్ని కంపెనీలతో కలిసి 2010 డిసెంబరులోనే చెప్పేశాయి, గడువు 2015. అయినా పాత సిస్టంలు పనిచేస్తున్నన్నాళ్ళు ఈ కన్వర్టర్లకి గిరాకీ ఉంటుంది. ఒక సంగతి: పాత సిస్టం ఆన్ చేయగానే, విండోస్ కన్నా ముందు వచ్చే బయోస్ స్క్రీన్ చాలావాటిలో ఆ 720 చుక్కల, 70 ఫ్రేముల టెక్స్ట్ మోడే. 70 హెర్ట్జ్‌ని తీసుకోని టీవీలూ కన్వర్టర్లూ ఉన్నాయి. వాటి మీద విండోస్ వచ్చేదాకా తెర నల్లగానే ఉంటుంది, అది చెడిపోవడం కాదు. బయోస్‌లోకి వెళ్ళాల్సిన పని పడితే మసకదో గీతలదో ఒక పాత మానిటర్ కావాలి. పూర్తిగా పోనిదైతే పాత సామాన్లవాడికి వేయకుండా అటక మీద ఉంచండి.