ఏ రేవులో ఉంటే ఆ తలరాత

1940 జూన్ 22న ఫ్రాన్స్ జర్మనీతో యుద్ధ విరమణ ఒప్పందం చేసుకునేసరికి ఆ దేశపు సైన్యం చితికిపోయి ఉంది, పారిస్ చేజారి ఉంది. నౌకాదళం మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. కొత్త యుద్ధనౌక రిషెల్యూ బ్రెస్ట్ నుంచి తప్పించుకుని పశ్చిమాఫ్రికాలోని డకార్ చేరింది. ఇంకా కట్టడం పూర్తికాని జాన్ బార్ట్, జర్మన్లు దగ్గర పడుతుండగా సెయింట్ నజేర్ వదిలి మొరాకోలోని కాసాబ్లాంకా చేరింది. మిగతా ఓడల్లో చాలావరకు దక్షిణ ఫ్రాన్స్‌లోని తులోన్, అల్జీరియాలోని ఒరాన్, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా రేవుల్లో ఉన్నాయి.

అసలు గొడవ ఒప్పందంలోని 8వ అంశంతో మొదలైంది. ఫ్రెంచ్ ఓడలు నిర్ణీత రేవులకు చేరి, జర్మనీ, ఇటలీల 'కంట్రోల్' కింద ఆయుధాలు దించుకోవాలని అందులో ఉంది. ఫ్రెంచ్‌లో ఆ మాటకు తనిఖీ, పర్యవేక్షణ అని అర్థం. ఇంగ్లీషువాళ్లకు అది స్వాధీనం అన్నట్టే వినిపించింది. పైగా చాలా ఓడల సొంత రేవు బ్రెస్ట్ అప్పటికే జర్మన్ల చేతిలో ఉంది. ఓడల్ని ఎవరైనా లాక్కోబోతే ముంచెయ్యండని నౌకాదళాధిపతి దార్లాన్ జూన్ 24న తన కమాండర్లకు రహస్యంగా ఆదేశం పంపాడు. హిట్లర్ మాట మీద నమ్మకం లేని చర్చిల్, ఓడలు జర్మన్ల చేతికి చిక్కవన్న దార్లాన్ మాటను కూడా నమ్మలేకపోయాడు.

జూలై 3 ఉదయం ఒరాన్ పక్కనే ఉన్న మెర్స్-ఎల్-కెబీర్ రేవు ముందు బ్రిటిష్ అడ్మిరల్ సోమర్విల్ నౌకలు వచ్చి నిలబడ్డాయి. నిన్నటిదాకా మిత్రులే. ఫ్రెంచ్ అడ్మిరల్ జాంసూల్ ముందు పెట్టిన దారులు ఇవి: మాతో కలిసి పోరాడండి, లేదా బ్రిటిష్ రేవుకు రండి, లేదా కరీబియన్ దీవులకు వెళ్లి ఆయుధాలు దించండి. ఏదీ కాదంటే ఆరు గంటల్లో మీ ఓడల్ని మీరే ముంచెయ్యండి. దూతగా వచ్చిన కెప్టెన్ హాలండ్‌కు ఫ్రెంచ్ బాగా వచ్చు. అయినా తన కంటే చిన్న హోదావాడని జాంసూల్ మొదట కలవలేదు. పైవాళ్లకు పంపిన మొదటి కబురులో కరీబియన్ మాటే లేదు, ముంచడమా యుద్ధమా అన్నట్టు ఉంది. ఆ ఒక్క వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

ఆ రేవును ఒక్కసారి కళ్ల ముందు ఊహించుకోండి. పొడవాటి రాతి అడ్డుగోడ. దానికి వెనక భాగం కట్టి, ముఖం నేల వైపు పెట్టి వరసగా నిలిపిన పెద్ద ఓడలు. డంకర్క్, స్ట్రాస్‌బూర్గ్ ఓడల పెద్ద ఫిరంగులన్నీ ముందు భాగంలోనే ఉంటాయి. అంటే ఆ ఓడల ప్రధాన బలం సముద్రం వైపు కాక కొండ వైపు చూస్తోంది. తుపాను నుంచి కాపాడే అడ్డుగోడే ఇప్పుడు బోనైంది. సాయంత్రం ఆరు కావస్తుండగా కాల్పులు మొదలై పది నిమిషాల్లో ముగిశాయి. ఫ్రెంచ్ యుద్ధనౌక బ్రెటాన్ పేలి తలకిందులైంది. ఆ ఒక్క ఓడలోనే 977 మంది పోయారు. 6న జరిగిన రెండో దాడితో కలిపి మృతులు 1,297. స్ట్రాస్‌బూర్గ్ మాత్రం పొగలోంచి, మందుపాతరల పక్కనుంచి బయటపడి తులోన్ చేరింది.

అదే రోజు అలెగ్జాండ్రియాలో కూడా టెన్షన్ తక్కువేం కాదు. అక్కడ బ్రిటిష్ అడ్మిరల్ కన్నింగ్‌హామ్, ఫ్రెంచ్ అడ్మిరల్ గోడ్‌ఫ్రువా పక్కపక్కనే లంగరేసుకున్నవాళ్లు. త్వరగా తేల్చమని లండన్ తొందర పెడుతున్నా కన్నింగ్‌హామ్ ఆగాడు, మళ్లీ మళ్లీ మాట్లాడాడు. చివరికి ఫ్రెంచ్ ఓడల్లో నూనె తీసేశారు, ఫిరంగుల కీలక భాగాలు విప్పేశారు. ఒక్క ప్రాణం పోలేదు. ఆ ఓడలే 1943లో మిత్రరాజ్యాల వైపు చేరాయి. ఒరాన్‌లో కూడా ఇలా జరగడానికి వీలుండేదనే నేను నమ్ముతాను.

ఆ తర్వాత ఏ రేవు ఎవరి వైపు అన్నది పెద్ద ప్రశ్న అయింది. 1940 సెప్టెంబరులో డకార్, జర్మనీతో రాజీపడ్డ ఫ్రెంచ్ 'విషీ' ప్రభుత్వం పక్షాన నిలబడి, లొంగకుండా బ్రిటన్ నుంచి పోరాడుతున్న ఫ్రెంచ్ జనరల్ డీగాల్‌ను, బ్రిటిష్ నౌకల్ని తిప్పికొట్టింది. అదే నెలలో మన గోదావరి ఒడ్డున ఉన్న యానాంతో సహా ఫ్రెంచ్ ఇండియా డీగాల్ వైపు వెళ్లింది.

1942 నవంబరు 27 తెల్లవారుజామున అప్పటిదాకా విషీ చేతిలోనే ఉన్న తులోన్‌లోకి జర్మన్ ట్యాంకులు దూసుకొచ్చాయి. ఆయుధాగారంలోని ఇరుకు సందుల్లో దారి తప్పి విలువైన నిమిషాలు పోగొట్టుకున్నాయి. ఈలోగా ఓడల్ని ముంచెయ్యమని అక్కడి ఫ్రెంచ్ అడ్మిరల్ లాబోర్డ్ ఆదేశం వెళ్లిపోయింది. నావికులు నీటి కవాటాలు తెరిచారు, ఫిరంగుల్లో పేలుడు పదార్థాలు పెట్టారు. దాదాపు 77 నౌకలు తమ సొంత రేవులోనే మునిగాయి. ఒరాన్ నుంచి తప్పించుకొచ్చిన స్ట్రాస్‌బూర్గ్ కూడా వాటిలో ఉంది. కాసాబియాంకా జలాంతర్గామి తప్పించుకుని అల్జీర్స్ చేరింది. దార్లాన్ 1940లో ఇచ్చిన మాట ఆ ఉదయం నిలబడింది. అయితే ఒరాన్‌లో పోయినవాళ్లకు అది రెండేళ్లు ఆలస్యం.

మా ఓడలు మా చేతిలోనే ఉండాలి అన్న ఫ్రెంచ్ పట్టుదల ఈ రెండు రేవుల్ని తలుచుకుంటే అర్థమవుతుంది. 1959లో డీగాల్ మధ్యధరా నౌకాదళాన్ని నాటో కమాండ్ నుంచి వెనక్కి తీసుకున్నాడు. 1962 ఎవియాన్ ఒప్పందంలో అల్జీరియాకు స్వాతంత్ర్యం ఇస్తూనే మెర్స్-ఎల్-కెబీర్‌ను 15 ఏళ్లకు లీజుకు రాయించుకుంది ఫ్రాన్స్. గడువు ముగియకుండానే 1968లో ఖాళీ చేసింది. నౌకలు, మనుషులు తులోన్‌కు తరలిపోయారు. 1940 జూలైలో చనిపోయిన నావికుల సమాధులు మాత్రం ఆ రేవు దగ్గరే ఉన్నాయి.